మునిగాక రెండు వేలు వద్దు, మునగకముందే ఇంటికి ఎత్తు కావాలి



జూలై వచ్చిందంటే మన ఫోన్లలో ఒకే అంకె తిరుగుతుంది. భద్రాచలం దగ్గర గోదారి ఎన్ని అడుగులు? 43 అయితే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. మన పిల్లలకు ఎక్కాల కన్నా ముందు ఈ మూడు అంకెలు నోటికి వస్తాయి. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు, తెలంగాణ వైపు బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, వాజేడు, వెంకటాపురం. ఈ మండలాల్లో ఏ ఊరికైనా పోయి అడగండి. భద్రాచలంలో ఎన్ని అడుగులైతే తమ ఇంటి గడప దగ్గరికి నీళ్లు వస్తాయో ముసలోళ్లు తడుముకోకుండా చెప్తారు. ప్రభుత్వం దగ్గర కూడా ఈ లెక్కలన్నీ ఉన్నాయి, దశాబ్దాల తరబడి రాసిపెట్టుకుంటున్నారు.

మరి ఇంత కచ్చితంగా తెలిసిన నీళ్ల కోసం, నీళ్లు రాకముందు, మన ఇంటి మీద ఒక్క రూపాయి ఎందుకు పెట్టరు?

నేను అడుగుతున్నది కొత్త కాలనీ గురించి కాదు, కరకట్ట గురించీ కాదు. వాటి మీద మన పోరాటం వేరే ఉంది, అది ఆగదు. ఇప్పుడు అడుగుతున్నది చిన్న విషయం. ఉన్న ఇంటికి బేస్‌మెంట్ ఎత్తు చేసుకోవడానికి, గోడ కింది నాలుగు వరసలు నీళ్లకు కరగని విధంగా కట్టుకోవడానికి, వడ్లు, బట్టలు, కాగితాలు పైన పెట్టుకునే గట్టి అటక వేసుకోవడానికి, గొడ్లకు ఊరికి పైన ఒక మెరక దిబ్బ పోసుకోవడానికి ఇంటివాళ్ల చేతికే గ్రాంటు. అప్పు వద్దు. గ్రాంటు, అదీ ఎండాకాలంలో, వరదకు ముందే.

ఇది ఎక్కడా లేని కోరిక అనుకోకండి. ఇంగ్లండ్‌లో పెద్ద వరదలు వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం ప్రకటించే పథకంలో, మళ్లీ నీళ్లు లోపలికి రాకుండా ఇంటిని మార్చుకోవడానికి ఒక్కో ఇంటికి 5 వేల పౌండ్ల దాకా ఇస్తారు. అమెరికాలో ఇల్లు మొత్తాన్ని జాకీలతో లేపి ఎత్తు పునాది మీద కూర్చోబెట్టడానికి కూడా కేంద్ర ప్రభుత్వ సొమ్ము వస్తుంది. స్థానిక ప్రభుత్వం దరఖాస్తు పెడుతుంది, ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తుంది. "అవి డబ్బున్న దేశాలు" అంటారా? అయితే బంగ్లాదేశ్ చూడండి. జమునా నది మధ్య ఇసుక దిబ్బల మీద బతికే నిరుపేదల ఇళ్ల కింద మట్టి పోసి, తెలిసిన పెద్ద వరద మట్టం కన్నా రెండడుగులు పైకి లేపారు. ఆ మట్టి పని కూడా పనులు లేని రోజుల్లో అక్కడి కూలీలతోనే చేయించారు. విదేశీ సాయంతో నడిచిన కార్యక్రమమే అది. కాని వాడింది పార, తట్ట, మట్టి. అవి మన దగ్గర లేవా?

అస్సాంకు పోతే ఇంకా దగ్గరి చుట్టం కనిపిస్తాడు. బ్రహ్మపుత్ర ఒడ్డున మిసింగ్ ఆదివాసులు వెదురు, కర్ర స్తంభాల మీద ఇల్లు కట్టుకుంటారు, చాంగ్ ఘర్ అంటారు దాన్ని. నీళ్లు కింద నుంచి పోతాయి, పొయ్యి పైన మండుతూనే ఉంటుంది. ఆ జ్ఞానం ఏ ఇంజినీరింగ్ కాలేజీ ఇచ్చింది కాదు. మనకూ మంచె కట్టడం తెలుసు, అటక వేయడం తెలుసు, ఏ మెరక మునగదో తెలుసు. తెలిసినదాన్ని ఇంటి సైజుకు పెంచుకోవడానికి కలప, సిమెంటు, రాయి, కూలి కావాలి. మనకు లేనిది ఆ డబ్బే.

డబ్బు లేదంటారా? ఉంది. ఈ విషయం మన పిల్లలు గట్టిగా తెలుసుకోవాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 48వ సెక్షన్ రెండు రకాల నిధులు పెట్టమంటుంది. ఒకటి విపత్తు వచ్చాక ఖర్చు పెట్టేది. రెండోది విపత్తు దెబ్బ ముందుగానే తగ్గించడానికి, దాన్ని ఉపశమన నిధి అంటారు. రాష్ట్ర స్థాయిలోనే కాదు, జిల్లా స్థాయిలో కూడా ఉపశమన నిధి ఉండాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాలన్నిటికీ కలిపి విపత్తుల కింద 1,60,153 కోట్లు లెక్కగట్టింది. అందులో 20 శాతం, అంటే 32 వేల కోట్లకు పైగా, ఉపశమనానికే పెట్టాలంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటి రాష్ట్రాలకు ఇందులో 75 శాతం కేంద్రం ఇస్తే 25 శాతం రాష్ట్రం వేసుకోవాలి.

కాబట్టి "వరదకు ముందు ఇవ్వడానికి పద్దు లేదు" అని ఏ ఆఫీసర్ అన్నా నమ్మొద్దు. పద్దు ఉంది, అది మన ఇంటి దాకా రాలేదు. ఉపశమనం అనగానే వాళ్ల కళ్ల ముందు కనిపించేది కాంక్రీటు గోడ, టెండరు, కాంట్రాక్టరు. కోయ ఇంటి అరుగు ఎత్తు చేయడంలో కాంట్రాక్టరుకు ఏం మిగులుతుంది? అందుకే అది వాళ్ల ప్లానులో ఉండదు.

ఇప్పుడు వరద వచ్చాక ఇచ్చేదాని సంగతి చూద్దాం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు దాటి నిలబడింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత మనం చూసిన అతి పెద్ద వరదల్లో ఇది ఒకటి. గోదారి అంత ఎత్తున ఉంటే కూనవరం దగ్గర శబరి దానిలో కలవలేక వెనక్కి తంతుంది. సోకిలేరు లాంటి వాగులు ఎదురు పారుతాయి. రోజుల తరబడి గుట్టల మీద బరకాల కింద బతికాం. అప్పుడు ఆంధ్ర ప్రభుత్వం కుటుంబానికి 2 వేలు, బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డలు, నూనె ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 10 వేలు, బియ్యం ప్రకటించింది. భద్రాచలంలో శాశ్వత కాలనీలకు వెయ్యి కోట్లన్న మాట కూడా అప్పుడే విన్నాం.

రెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో, బుడమేరు విజయవాడను ముంచింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకు 10 వేలు ప్రకటించారు. విజయవాడ పేదలకు అది ఎక్కువని నేను అనను, వాళ్లకూ సరిపోలేదు. ప్రభుత్వం మారింది, ఏడాది మారింది, అదీ నిజమే. నేను అడిగేది ఒక్కటే. నగరంలో నీళ్లు వస్తే ఇంటి నష్టం లెక్కకు వస్తుంది. గూడెంలో నీళ్లు వస్తే పది రోజుల తిండి లెక్కకు వస్తుంది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి మాకు నష్టం లేదా? గాదెలో వడ్లు మొలకెత్తిపోతే, ఎండబెట్టుకున్న ఇప్పపువ్వు కుళ్లిపోతే, కోళ్లూ మేకలూ కొట్టుకుపోతే అది ఎవరి రిజిస్టర్‌లో పడుతుంది?

ఇల్లు కూలితే ఇచ్చే సాయం నిబంధనలు ఒకసారి చదవండి, తెలుగులో ఎవరూ మనకు చెప్పరు. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన రేట్లలో పూర్తిగా కూలిన ఇంటికి మైదానంలో 1 లక్షా 20 వేలు, కొండ ప్రాంతంలో 1 లక్షా 30 వేలు. కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4 వేలు, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. "పాక" అయితే మొత్తం 8 వేలు. పాక అంటే ఏమిటో కూడా అక్కడే రాశారు. కచ్చా ఇంటి కన్నా తక్కువది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో తాత్కాలికంగా వేసుకున్నది. ఇప్పుడు మన తాటాకు కప్పు, వెదురు తడిక, మట్టి పూత ఉన్న ఇంటి ముందు నిలబడి ఒక ఉద్యోగి రాసే ఒక్క మాట మీద 1 లక్షా 30 వేలా, 8 వేలా అన్నది తేలుతుంది. మూడు తరాలు పుట్టి పెరిగిన ఇల్లు తాత్కాలికమట!

ఇంకో నిబంధన ఉంది. కూలిన ఇల్లు "అనుమతి ఉన్న కట్టడం" అని అధికారి ధ్రువీకరించాలి. గూడెంలో ఎవరి ఇంటికి ప్లాను అనుమతి ఉంది చెప్పండి? ఇక్కడే అసలు మెలిక. "ఇంటి యజమాని" అన్న మాటే మన మీద కత్తిలా వేలాడుతుంది. నా స్నేహితుడొకడు వరద తర్వాత ఒక ఆఫీసుకు పోయి ఇల్లు పడిపోయిందని కాగితం ఇస్తే, అక్కడి ఉద్యోగి ఇంటి స్థలం పట్టా అడిగాడు. ఆధార్ ఉంది, రేషన్ కార్డు ఉంది, ఓటరు కార్డు ఉంది, కరెంటు బిల్లు కూడా ఉంది. పట్టా లేదు. ఓటు అడగడానికి ఆ ఇంటికే వచ్చారు, బిల్లు వసూలుకూ ఆ ఇంటికే వచ్చారు. సాయం దగ్గరికి వచ్చేసరికి అది ఇల్లే కాకుండా పోయింది.

అటవీ హక్కుల చట్టం, 2006, అడవి భూమిలో సాగుకే కాదు, నివాసానికి కూడా హక్కు ఇచ్చింది. మొదటి హక్కులోనే ఆ మాట ఉంది. కాబట్టి గ్రాంటుకు పట్టా షరతు పెట్టడానికి వీల్లేదు. ఎవరు ఎక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారో చెప్పాల్సింది గ్రామసభ. ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. మన మధ్య బతికే గిరిజనేతర పేదలు, దళితులు కూడా అదే నీళ్లలో మునుగుతున్నారు. వాళ్ల ప్రాణాలకు, గోడలకు సాయం వద్దని మనం అనకూడదు. అయితే 1/70 ఉన్న చోట గ్రాంటు కాగితం భూమి హక్కు పత్రంగా మారకూడదు. ఆ వాక్యం ఉత్తర్వులోనే రాయించాలి. లేకపోతే రేపు బినామీ షావుకారు దాన్నే పట్టుకుని కోర్టుకు పోతాడు.

ఇక పోలవరం ముంపు సంగతి. 2014లో మన మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రలో కలిపింది ఈ ప్రాజెక్టు కోసమే. 41.15 మీటర్ల కాంటూరు లోపల ఉంటే మొదటి దశ, 45.72 దాకా రెండో దశ అని గీతలు గీశారు. 2022 వరదకు ఆ గీతలు కనపడలేదు. మొదటి దశలో లేని ఊళ్లలో కూడా ఇంటి కప్పుల మీదుగా నీళ్లు పోయాయి. కాఫర్‌డ్యాం వల్ల ముంపు పెరిగిందా లేదా అని రెండు రాష్ట్రాలు వాదించుకున్నాయి. వాళ్ల వాదన తెగేదాకా నీళ్లు ఆగవు కదా.

ఈ ఊళ్లలో ఏ పని అడిగినా వచ్చే సమాధానం ఒకటే: "మీది ముంపు గ్రామం, ఎట్లాగూ పోతుంది, ఇక్కడ ఖర్చు దండగ." సరే, మరి ప్యాకేజీ ఇవ్వండి అంటే: "మీది రెండో దశ, తర్వాత చూద్దాం." ఖర్చు పెట్టకపోవడానికి మాది ముంపు గ్రామం. పరిహారం ఇవ్వకపోవడానికి మాది ఇంకా ముంపు కాని గ్రామం. ఒకే ఊరు, ఒకే ఆఫీసు, రెండు సమాధానాలు. కొందరికి డబ్బు పడింది, కొందరికి కాలనీ వచ్చింది, నిజమే. మిగిలినవాళ్లు ఎన్ని జూలైలు దాటాలి? పోయేదాకా బతకాలి కదా, బతికేదాకా ఇల్లు నిలబడాలి కదా.

ఇప్పుడు మన ఉద్యమంలోనే జరుగుతున్న ఒక వాదన గురించి దాపరికం లేకుండా మాట్లాడతాను. పెద్దలు కొందరు అంటున్నారు: "తమ్ముడూ, ఇల్లు ఎత్తు చేసుకోవడానికి డబ్బు తీసుకుంటే, మీరు ఇక్కడే ఉంటామని ఒప్పుకున్నట్టే. రేపు పునరావాసం అడిగితే ఎత్తు చేశాం కదా, ఇక ముంపు ఎక్కడ అంటారు." ఈ భయం ఊరికే వచ్చింది కాదు. మనల్ని మోసం చేసిన తీరు చూసినవాళ్లు అనే మాట అది. ఆ పెద్దల మీద నాకు గౌరవం ఉంది.

కానీ ఈ వాదన చివరికి ఎవరికి లాభం? గ్రాంటు తీసుకోకుండా కూర్చుంటే పునరావాసం తొందరగా వస్తుందా? పోయిన పదేళ్లు మనం ఏ గ్రాంటూ తీసుకోలేదు, తొందరగా వచ్చిందా? మన కష్టం ఎంత పెరిగితే ప్రభుత్వం మీద ఒత్తిడి అంత పెరుగుతుందని అనుకోవడం మన ఆడవాళ్ల మీద, చంటిపిల్లల మీద బరువు వేయడమే. గుట్ట మీద బరకం కింద పది రోజులు బాలింత ఉండాలా, మన డిమాండ్ బలంగా కనపడటానికి? నేను ఒప్పుకోను. పెద్దల భయానికి మందు కాగితం మీదే ఉంది. గ్రాంటు వల్ల భూసేకరణ, పునరావాస హక్కులకు ఏ నష్టమూ లేదని, ఎత్తు చేసుకున్న ఇంటి విలువ కూడా రేపటి పరిహారంలో కలపాలని గ్రామసభ తీర్మానంలో, ప్రభుత్వ ఉత్తర్వులో రెండు చోట్లా ఉండాలి. అది రాయనంటే అప్పుడు వాళ్ల ఉద్దేశం బయటపడుతుంది. అప్పుడు మాట్లాడదాం.

మనం ఎక్కువ చెప్పి మోసపోకూడదు కూడా. 71 అడుగుల గోదారికి ఏ బేస్‌మెంటూ ఆగదు. చాలా లోతట్టు ఊళ్లలో రెండు నిలువుల నీళ్లు నిలిచాయి, అక్కడ ఎత్తు అరుగు కట్టమని చెప్పేవాడు మనల్ని చంపేవాడు. ఆ ఊళ్లకు కావాల్సింది సురక్షితమైన చోట భూమికి భూమి, ఊరికి ఊరు. కానీ 71 ఎన్నేళ్లకోసారి వచ్చింది? 43 దాటి 53 దగ్గరికి వచ్చే వరద తరచూ వస్తుంది. నడుము లోతు నీళ్లు రెండు మూడు రోజులు నిలిచి పోయే ఇళ్లు మన దగ్గర వందల్లో ఉన్నాయి. మట్టి గోడ కింది భాగం నాని కూర్చుండిపోతుంది, మళ్లీ కట్టుకుంటాం, మళ్లీ కూర్చుంటుంది. ఆ ఇళ్లకు మూడు నాలుగు అడుగుల ఎత్తు, కింద రాతి కట్టు, ఎత్తులో కరెంటు బోర్డు, మెరక మీద బోరింగు, మరుగుదొడ్డి ఉంటే వరద పోయిన మర్నాడు పొయ్యి వెలిగించుకోవచ్చు. లేకుంటే నెల రోజులు కూలి పోగొట్టుకుని గోడలు మెత్తుకుంటూ ఉండాలి, మంచినీళ్లు లేక పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆ నెల కూలికి షావుకారు దగ్గర అప్పు. దాని వడ్డీ జీడిమామిడి పంట దాకా సాగుతుంది.

కొత్త ఇళ్ల పథకాలు వచ్చినా ఇదే గుడ్డితనం. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష. కొండరెడ్ల లాంటి ఆదిమ తెగలకు పీఎం జన్‌మన్ కింద 2 లక్షలు. మంచిదే. కానీ గోదారి ఒడ్డు ఊళ్లో బేస్‌మెంటుకు, ఎప్పుడూ నీళ్లు చూడని ఊళ్లో బేస్‌మెంటుకు ఒకటే లెక్క. ఒడ్డు ఊళ్లో నాలుగడుగులు పైకి లేపాలంటే మట్టి, రాయి, కూలి ఎన్ని వేలు ఎక్కువో తాపీ మేస్త్రీని అడిగితే చెప్తాడు. ఆ తేడా డబ్బు ఉపశమన నిధి నుంచి కలపండి, అంతే. ఇంత సులువైన పని చేయకుండా లక్షలు పోసి ముంపులో కొత్త ఇల్లు కట్టిస్తున్నారు.

అయితే విదేశాల పద్ధతి ఉన్నదున్నట్టు తెచ్చినా మనకు పనికిరాదు. అమెరికా పథకాల్లో చాలావరకు ముందు ఖర్చు పెట్టుకుని తర్వాత బిల్లు తెచ్చుకోవాలి. వాటా కూడా వేసుకోవాలి, కొన్నిటికి వరద బీమా ఉండాలి. చేతిలో డబ్బు ఉన్నవాడికే అది అందుతుంది. మన దగ్గర అట్లా పెడితే గూడెంలో ఒక్కరికీ రాదు, మండల కేంద్రంలో డాబా ఉన్నవాళ్లు తీసుకుపోతారు. మనకు సగం డబ్బు ముందే పడాలి, మిగతాది బేస్‌మెంట్ లేచాక. అది ఇంటి ఆడమనిషి ఖాతాలో పడాలి. మన వాటా మన ఒళ్లు కష్టం, డబ్బు వాటా అడగొద్దు. వెదురు, కర్ర గ్రామసభ అనుమతితో మన అడవి నుంచే తెచ్చుకుంటాం, ఫారెస్టువాళ్లు కేసులు పెట్టొద్దు.

లబ్ధిదారుల జాబితా ఎవరు తయారు చేస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. 1996 పెసా చట్టం ప్రకారం ఐదో షెడ్యూల్ ప్రాంతంలో పథకాలను ఆమోదించేది, లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభ. పార్టీ కండువా వేసుకున్న కమిటీ కాదు, ఆఫీసులో కూర్చుని కాపీ కొట్టిన పాత లిస్టు కాదు. ఏ ఇంటికి ఎన్ని అడుగుల నీళ్లు వచ్చాయో ఊరందరి ముందు చెప్పుకుంటే అబద్ధం నిలవదు. పక్కింటి సాక్ష్యం అక్కడే ఉంటుంది.

కాలేజీ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెప్తున్నాను. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు టేపు, ఒక డబ్బా పెయింటు పట్టుకుపోండి. 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి ఇంటి గోడ మీద, గోడ పోయి ఉంటే పక్కన చెట్టు మీద, పెద్దవాళ్లను అడిగి గీత గీయండి. నేల నుంచి ఎన్ని అడుగులో కొలవండి. అప్పుడు భద్రాచలంలో 71.3 కదా, మరి 53కు ఎక్కడికి వస్తుందో కూడా వాళ్లనే అడిగి రెండో గీత గీయండి. ఇంటి పేరు, ఇంట్లో ఎందరు, గోడ దేనిది, కప్పు దేనిది, ఎన్ని గొడ్లు, పట్టా ఉందా లేదా అన్నీ ఒక పుస్తకంలో రాయండి. ఎత్తు చేస్తే నిలబడే ఇళ్లు ఒక జాబితా, ఎత్తు చేసినా నిలబడని ఇళ్లు రెండో జాబితా. రెండో జాబితా మన పునరావాస డిమాండ్‌కు సాక్ష్యం అవుతుంది, అందుకే అది కూడా అంతే జాగ్రత్తగా రాయాలి.

ఆ పుస్తకం గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. తీర్మానం కింద సంతకాలు, వేలిముద్రలు, తేదీ. ఒక కాపీ ఐటీడీఏ పీవోకు, ఒకటి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు చైర్మన్‌గా ఉన్న కలెక్టర్‌కు. రసీదు తీసుకోకుండా ఆఫీసు గడప దిగకండి. జిల్లా ఉపశమన నిధిలో ఎంత ఉంది, పోయిన ఐదేళ్లలో మన మండలాల్లో దేనికి ఖర్చు పెట్టారు అని అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. మార్చిలో వేస్తే వానలకు ముందే జవాబు చేతికి వస్తుంది, ఎండాకాలం మట్టి పనికి ఇంకా టైము మిగులుతుంది.